గరుకు గోడ మీద ఎండ

గదిలో గోడలు నలుపు. పైకప్పు నలుపు. నేల మీద పరిచిన రబ్బరూ నలుపే.

ఆ నలుపు మధ్య ఒకే ఒక్క దీపం వెలుగుతోంది. మనిషి చెయ్యంత పొడవున్న ఇనుప కడ్డీ చివర బిగించిన దీపం. దాదాపు బల్లకు ఆనుకునేంత కిందికి వాలి ఉంది. దాని వెలుగు పడాల్సిన చోట స్టీలు పలక లేదు. వట్టి బల్ల ఉంది.

పలక నేల మీద ఉంది.

పక్కనే డాక్టర్ శాల్మలీ ఓగలే బోర్లా పడి ఉంది. తల వెనక జుట్టు తడిసి గడ్డకట్టింది. ముప్పై నాలుగేళ్ళు. ఎడమ చేతికి తెల్లటి నూలు గ్లవ్. కుడి చేతి గ్లవ్ సగమే తొడిగి ఉంది.

వెలుగు కొలిచే యంత్రం ఫ్యాన్ ఇంకా హోరు పెడుతోంది. ఆ హోరులో వెనక నుంచి ఎవరొచ్చినా వినబడదు.

ఇన్‌స్పెక్టర్ రోహిణీ ధుమాళ్ గుమ్మంలోనే నిలబడి చాలాసేపు చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

"దీపం ఆపమంటారా మేడమ్?" అన్నాడు హవాల్దార్ పోపట్ లోంఢే.

"వద్దు. ఏదీ ముట్టుకోకు. ఆ కడ్డీ ఎంత కిందికి ఉందో కొలిచి ఫోటో తియ్యమను."

"దానికీ హత్యకీ ఏం సంబంధం?"

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

ఫిబ్రవరి రెండో ఆదివారం. పుణె శివార్లలోని దీప్తిమాన్ ల్యాబ్. సెలవు రోజు కావడంతో ముందు గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. శాల్మలి తప్ప ఇంకెవర్నీ లోపలికి వదల్లేదని అతను ప్రమాణం చేసి చెప్పాడు. వర్క్‌షాపు వైపు వెనక గేటు ఉంది. దాని తాళం చెవులు మూడు. ఒకటి శాల్మలి హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికింది. రెండోది ల్యాబ్ డైరెక్టర్ డాక్టర్ విద్యాధర్ జోగళేకర్ దగ్గర ఉంటుంది. మూడోది బబన్ శేడ్గే దగ్గర.

శవాన్ని మొదట చూసింది బబన్.

అతను వర్క్‌షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. స్టీలు పలకల మీద ఇసుక కొట్టి గరుకు చెయ్యడం అతని పని.

"ఆదివారం పూట ఎందుకొచ్చావ్?" అడిగింది ధుమాళ్.

"శాల్మలి మేడమే రమ్మన్నారు. కొత్త పలకలు కావాలన్నారు."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి. పది నిమిషాలు ముందే వచ్చాను."

"నిన్న ఆవిడతో గొడవ పడ్డావట?"

బబన్ తల దించుకున్నాడు. "గొడవంటే... చేసిన పలకే మళ్ళీ చెయ్యమంటారు. ఇంకాస్త గరుకు, ఇంకాస్త తక్కువ గరుకు. వారం నుంచీ అదే వరస. విసుగొచ్చి ఓ మాటన్నాను."

"ఏమన్నావ్?"

"మీరు పోతే గానీ నాకు విశ్రాంతి దొరకదు అన్నాను." రెండు చేతులూ జోడించాడు. "విఠోబా మీద ఒట్టు మేడమ్. నాది నోటి దురుసే."

"నోటి దురుసుగాళ్ళతోనే సగం జైలు నిండింది బాబూ," అన్నాడు లోంఢే.

ధుమాళ్ అతని వైపు చూసింది. లోంఢే టోపీ సర్దుకున్నాడు.

తలకు తగిలింది నేల మీది పలకే. దాని గరుకు ముఖం మీద వేలిముద్రలు పడలేదు. నున్నటి అంచుల మీద పడ్డాయి. అన్నీ బబన్‌వే. ఆ పలక చేసిందే అతను. అతనివి కాక ఇంకెవరివి ఉంటాయి? ఆ గదిలో పనిచేసేవాళ్ళంతా పలకల్ని నూలు గ్లవ్స్‌తోనే పట్టుకుంటారు.

హంతకుడూ అలాగే పట్టుకుని ఉండొచ్చు.

హత్య జరిగిన టైమ్‌ని యంత్రమే చెప్పింది. దీపం వెలుగు పలక మీద పడి ఎటు ఎంత పోతుందో అది క్షణక్షణం కొలుస్తూ ఉంటుంది. చీకటి గదిలో కొలతలన్నీ ఒక తీరున సాగాయి. ఏడు గంటల ముప్పై నాలుగు నిమిషాలకు ఒక్కసారిగా పైకి లేచాయి. ఎవరో తలుపు తెరిచారు. వసారాలో వెలుగు లోపలికి పడింది. నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ తలుపు తెరుచుకుంది. అటు తర్వాత యంత్రం వట్టి బల్లనే కొలిచింది.

ఏడూ ముప్పై నాలుగుకి వచ్చాడు. ఏడూ ముప్పై ఎనిమిదికి వెళ్ళాడు.

*

మధ్యాహ్నం పన్నెండు దాటాక డాక్టర్ జోగళేకర్ వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళు. ఖాదీ కుర్తా. బూట్ల నిండా ఎర్రమట్టి. శాల్మలి పేరు చెప్పగానే గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"నా దగ్గరే పీహెచ్‌డీ చేసింది," అన్నాడు కాసేపటికి. "నా కూతురి కంటే చిన్నది."

లోంఢే ఈలోగా వసారాలో తగిలించిన పటాలు చూస్తున్నాడు. మెరిసే కార్లు, గడియారాలు, గిన్నెలు.

"ఈ ప్రెషర్ కుక్కర్ బాగుంది సర్. ఏ కంపెనీ? మా ఆవిడ ప్రాణం తీస్తోంది కొత్తది కావాలని."

జోగళేకర్ ఆ బాధలోనూ చిన్నగా నవ్వాడు. "అది ఎక్కడా దొరకదు. లేనే లేదు. కంప్యూటర్ గీసిన బొమ్మ."

"ఫోటో కాదా?"

"కాదు. మా పనే అది. లోహం ఎలా మెరుస్తుందో, దాన్ని తయారు చెయ్యకముందే లెక్క కట్టి చెప్తాం. నున్నటి లోహమైతే తేలికే, అది అద్దం. గరుకు లోహమే కష్టం. నేను దాన్ని లక్షల బుల్లి అద్దాలుగా తీసుకున్నాను. ఒక్కోటీ ఒక్కో వైపు వాలి ఉంటుంది. ఆ వాలుల లెక్క తెలిస్తే వెలుగు ఎటు పోతుందో తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అందరూ వాడేది నా మోడలే."

"పొద్దున ఎక్కడున్నారు సర్?" అడిగింది ధుమాళ్.

"ఘాట్‌లో. కొంకణ్‌కి దిగే దారిలో కొత్తగా స్టీలు గోడ కట్టారు కదా, అక్కడ."

ఆ గోడ పేరు వినని వాళ్ళు పుణెలో లేరు. మూడు వారాల కిందట ఆ మలుపులో పెళ్ళి బృందం బస్సు గోడ చివర లోయలో పడింది. పదకొండు మంది పోయారు. డ్రైవర్ సర్జేరావ్ పిసాళ్ మాత్రం చెయ్యి విరిగి బతికాడు. గోడ మీద మంట లేచిందని, కళ్ళు కనబడలేదని అతను చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. నిద్రపోయాడన్నారు. తాగాడన్నారు. రక్తంలో మందు లేదని తేలాక కూడా అన్నారు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

"ఆ గోడ రేకులు కళ్ళకు కొట్టకుండా గరుకుగా ఉండాలని మా లెక్క ప్రకారమే చేశారు," అన్నాడు జోగళేకర్. "విచారణ కమిటీ వేశారు కాబట్టి నేనే స్వయంగా వెళ్ళి ఫోటో తీశాను. ప్రమాదం జరిగిన వేళకే. డ్రైవర్ కూర్చునే ఎత్తు నుంచే."

ఫోన్ తీసి చూపించాడు. కమిటీ గ్రూప్‌లో పెట్టిన ఫోటో. కొండ మలుపు. ఎండ బాగా కాస్తోంది. స్తంభాల నీడలు రోడ్డు మీద గీత గీసినట్టు పడ్డాయి. పక్కన పొడవాటి స్టీలు గోడ, బూడిదరంగులో, చల్లగా. మలుపు దగ్గర పసుపు రంగు మరమ్మతుల బోర్డు.

కింద ఒక వాక్యం: 'పూర్తి ఎండలో, డ్రైవర్ చూపు నుంచి. మెరుపు ఏమీ లేదు.'

ఫోటో తీసిన టైమ్ ఏడూ ముప్పై ఎనిమిది. గ్రూప్‌లో పెట్టింది మాత్రం తొమ్మిదీ యాభైకి.

"రెండు గంటలు ఆలస్యం ఎందుకైంది?"

"ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. కొలతలు తీసుకుని, కింద ఊళ్ళోకి దిగాక పంపాను."

ల్యాబ్ నుంచి ఆ మలుపుకి కారులో రెండు గంటలు. ఆ బోర్డు పెట్టింది శనివారం సాయంత్రం. రోడ్ల శాఖ వాళ్ళని అడిగితే అదే చెప్పారు. కాబట్టి ఫోటో ఆదివారం పొద్దుటిదే కావాలి. అక్కడున్న మనిషి ఇక్కడ హత్య చెయ్యలేడు.

ఇక మిగిలింది బబన్.

"పాపం, మంచివాడే," అన్నాడు జోగళేకర్ వెళ్ళబోతూ. "కాకపోతే కోపం ఆపుకోలేడు."

సోమవారం పొద్దున్నే పై అధికారి నుంచి ఫోన్ వచ్చింది. బబన్‌ని అరెస్ట్ చేశారు. జీపు ఎక్కేటప్పుడు అతను ఒక్క మాటే అన్నాడు.

"ఆ పలక నేనే చేశాను మేడమ్. దాంతోనే కొట్టారంటే అన్నం సయించట్లేదు."

*

శాల్మలి భర్త మందార్ సాతారాలో స్కూలు టీచరు. శనివారాలు పుణె వచ్చి వెళ్తుంటాడు. పోస్ట్‌మార్టమ్ అయ్యాక స్టేషన్‌కి వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా పెట్టిన చాయ్ చల్లారిపోయింది.

"ఆదివారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఇంట్లో. నిద్రపోతున్నాను. సాక్ష్యం ఎవరూ లేరు. కావాలంటే నన్నూ లోపల వెయ్యండి."

"మీ ఇద్దరూ బాగానే ఉండేవాళ్ళా?"

"పోట్లాడుకునేవాళ్ళం. శనివారం రాత్రి కూడా. ఆదివారం ఒక్కరోజైనా ఇంట్లో ఉండమన్నాను. సోమవారం కమిటీ ముందుకి వెళ్ళాలి, ఈ ఒక్క కొలత తీసుకోవాలి అంది."

ధుమాళ్ పెన్ను కింద పెట్టింది. "కమిటీ ముందుకి శాల్మలి ఎందుకు?"

"మీకు తెలీదా? జైల్లో ఉన్న ఆ డ్రైవర్ని రెండుసార్లు వెళ్ళి చూసింది. ఘాట్‌కి మూడు పొద్దులు వెళ్ళింది. అతను అబద్ధం చెప్పట్లేదు, గోడ నిజంగానే మెరుస్తోంది అంది."

"డాక్టర్ జోగళేకర్‌కి చెప్పిందా?"

"శుక్రవారం చెప్పింది. ఆయన ఏమన్నారని అడిగితే లేచి బాల్కనీలోకి వెళ్ళింది. చాలాసేపు అక్కడే నిలబడింది." మందార్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆయనంటే దానికి ప్రాణం ఇన్‌స్పెక్టర్. పెళ్ళికి పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది ఆయనే. దానికి నాన్న లేడు."

మందార్ వెళ్ళిపోయాక ధుమాళ్ లోంఢేని పిలిచింది.

"జీపులో డీజిల్ కొట్టించు. ఘాట్‌కి వెళ్దాం."

"ఆయన చెప్పింది నిజమో కాదో చూడ్డానికా? ఫోటో ఉందిగా మేడమ్."

"ఫోటో ఉంది. మనిషిని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూద్దాం."

*

మంగళవారం సాయంత్రానికి కొండ దిగారు. కింద ఊళ్ళో హోటల్ యజమానికి జోగళేకర్ గుర్తున్నాడు.

"ఆదివారం కదా? పోహా తిన్నాడు. రెండు చాయ్‌లు తాగాడు. పదింటప్పుడు."

"అంతకు ముందు?"

"ముందు చూళ్ళేదు. కారు పై నుంచే వచ్చింది."

పై నుంచి రావడంలో విడ్డూరం లేదు. మలుపు ఉన్నదీ, పుణె ఉన్నదీ పైనే.

ఊళ్ళో గెస్ట్‌హౌస్‌లో పడుకుని బుధవారం పొద్దున్నే తిరుగు ప్రయాణమయ్యారు. లోంఢే నడుపుతున్నాడు. బస్సు వచ్చిన దారే అది. జీపు కొండ నీడలో మెల్లగా ఎక్కుతోంది. కుడి వైపు రాతి కొండ, ఎడమ వైపు లోయ. సూర్యుడు ఎక్కడో రాళ్ళ వెనక ఉన్నాడు, ఇంకా కనబడటం లేదు.

"చలి చంపేస్తోంది," అన్నాడు లోంఢే. "ఆ డ్రైవర్ నిద్రపోయాడంటే పోడూ మరి. నేనైతే ఈపాటికి..."

మాట పూర్తి కాలేదు.

మలుపు తిరగ్గానే ఎడమ వైపు తెల్లగా పేలింది. రోడ్డు లేదు. లోయ లేదు. ఎదురుగా ఏమీ లేదు, వెలుగు తప్ప. లోంఢే కేక పెట్టి బ్రేకు తొక్కాడు. జీపు గిర్రున తిరిగింది. ఏదో కరకరమంది. ఆగింది.

ఇద్దరూ కళ్ళు నులుముకున్నారు.

"గోడ అంటుకుంది మేడమ్," అన్నాడు లోంఢే. స్టీరింగ్ వదల్లేదు. "దేవుడా. గోడకి నిప్పంటుకుంది."

ధుమాళ్ దిగింది. కళ్ళ ముందు ఆకుపచ్చ మచ్చలు ఆడుతున్నాయి. గోడ దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఏ మెరుపూ లేదు. బూడిదరంగు గరుకు రేకు, రుబ్బురోలు రాయిలా మొద్దుగా ఉంది. చెయ్యి పెడితే గీరుకుంది.

రెండడుగులు వెనక్కి వేసి, గోడ వారగా తల పెట్టి, దూరంగా చూసింది.

అద్దం. రాళ్ళ సందులోంచి పడుతున్న సూర్యుడు రేకు పొడవునా కరిగి పారుతున్నాడు. చూడలేక కళ్ళు మూసుకుంది.

మళ్ళీ ఎదురుగా నిలబడింది. మళ్ళీ బూడిద.

జేబులోంచి జోగళేకర్ పంపిన ఫోటో ప్రింటు తీసింది. ఇదే చోటు. ఇవే స్తంభాలు. ఇవే నీడలు. వాచీ చూసుకుంది. ఏడూ ముప్పై ఆరు. రోడ్డు మధ్య, డ్రైవర్ కూర్చునే ఎత్తున ఫోన్ పట్టుకుని రెండు నిమిషాలు ఆగి ఫోటో తీసింది. తెరంతా తెల్లబడింది.

"లోంఢే, ఇటు రా. ఈ ఫోటోలో ఎండ ఉందా?"

"ఉంది. నీడలున్నాయిగా."

"మబ్బు?"

"లేదు."

"మరి ఈ మెరుపేది?"

లోంఢే ఫోటో చూశాడు. గోడ చూశాడు. వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నాడు, కళ్ళు నీళ్ళు కారుతుంటే.

"నేను ఆ డ్రైవర్ని తాగుబోతన్నాను మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "క్యాంటీన్‌లో, అందరి ముందూ."

*

గురువారం పదకొండు గంటలు. ల్యాబ్ మీటింగ్ గది. ఒక వైపంతా పెద్ద కిటికీ. పొడవాటి బల్ల. జోగళేకర్ మధ్యలో కూర్చున్నాడు. మందార్ చివర. బబన్‌ని లాకప్ నుంచి తీసుకొచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఇతన్నెందుకు తెచ్చారు?" అన్నాడు జోగళేకర్. "నేరం ఒప్పుకున్నాడా?"

"లేదు సర్. ఒక పలక గురించి అడగాలని తెచ్చాను." ధుమాళ్ బల్ల మీద ఒక స్టీలు పలక పెట్టింది. "బబన్, ఇది ఆ గోడ రేకు లాంటిదేనా?"

"అదే గరుకు మేడమ్. నేనే చేశాను."

"ఇందులో కిటికీ కనిపిస్తోందా?"

"గరుకు పలకలో కిటికీ ఏం కనిపిస్తుంది?"

"సరే. మందార్ గారూ, శాల్మలి మీకు దీని గురించి ఏం చెప్పిందో మళ్ళీ చెప్తారా? నిన్న నాకు చెప్పినట్టే."

మందార్ లేచి వచ్చాడు. పలకని కళ్ళ ఎత్తుకు పైకెత్తి, కిటికీ వైపు పడుకోబెట్టినట్టు పట్టుకున్నాడు.

"పై నుంచి చూస్తే గుంతలూ గుట్టలూ కనిపిస్తాయి, అందుకే మసక అంది. ఇలా వారగా చూస్తే గుట్టల కొనలే కనిపిస్తాయి. వెలుగు కూడా ఆ కొనల్నే తాకుతూ జారిపోతుంది. నీటి మీద వాటంగా విసిరిన పెంకు మునగకుండా ఎగిరెగిరి పోయినట్టు. అప్పుడు ఎంత గరుకు పలకైనా అద్దమే." కళ్ళు పలక మీదే ఉన్నాయి. "నన్ను కూడా ఇలాగే చూడమంది. నేను అన్నం చల్లారిపోతోంది రమ్మన్నాను."

బబన్ లేచి వచ్చి తల వంచి చూశాడు. పలక అంచున కిటికీ, ఊచలతో సహా, మెరుస్తూ కనిపించింది.

"అయ్యో," అన్నాడు. "ఇన్నేళ్ళుగా చేస్తున్నాను. ఇలా ఎప్పుడూ చూళ్ళేదు."

"మీరు చూస్తారా సర్?"

జోగళేకర్ కదల్లేదు. "అది నాకు కొత్త కాదు. చిన్న ప్రభావం. లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నది."

"శాల్మలి అలా అనుకోలేదు. ఆ రోజు యంత్రం దీపం దాదాపు బల్లకు ఆనుకుని ఉంది. ఈ కోణాన్నే కొలుస్తోంది. ఇక్కడ మీ మోడల్ తప్పుతుందని సోమవారం కమిటీకి చెప్పబోయింది. ఆ తప్పు వల్లే పదకొండు మంది పోయారని."

"దానికీ హత్యకీ..."

"మీ ఫోటో చూద్దాం సర్." రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టింది. "ఇది మీరు తీసింది. ఇది నేను తీసింది. అదే చోటు, అదే వేళ. నాది తెల్లగా మాడిపోయింది. మీది చల్లగా ఉంది."

"మూడు రోజుల్లో ఎండ మారుతుంది. కెమెరాల్లో తేడా ఉంటుంది."

"ఉంటుంది. కానీ మీది ఫోటో కాదు. వసారాలో కుక్కర్ లాంటిది. బొమ్మ. శనివారం సాయంత్రం కమిటీ గ్రూప్‌లో ఎవరో ఆ పసుపు బోర్డు ఫోటో పెట్టారు. దాన్ని చూసి బోర్డు కూడా చేర్చారు. ఐదింటికి ఘాట్‌కని ఇంట్లో చెప్పి బయల్దేరారు. వెనక గేటు గుండా ఇక్కడికి వచ్చారు. పని పూర్తి చేసుకుని ఘాట్‌కి వెళ్ళారు. తొమ్మిదీ యాభైకి కింద ఊరు చేరారు."

"ఊహ," అన్నాడు జోగళేకర్ శాంతంగా. "ఒక్క రుజువు కూడా లేని ఊహ."

ధుమాళ్ అతని ఫోటోని చేతిలోకి తీసుకుంది. వెలుగుకి పెట్టి చూసింది. పెదవి విరిచింది.

"నిజమే సర్. నేను కూడా ఇది మీరు చేసిందని మొదట నమ్మలేదు. ఎందుకంటే ఇది మరీ నాసిగా ఉంది. కాలేజీ పిల్లలు కూడా ఇంతకంటే బాగా చేస్తారట. నీడల దగ్గర తప్పు. గోడ దగ్గర తప్పు. ఇది చేసినవాడికి లెక్కలే రావు."

"లెక్కలు రావా?"

"రావు. చిన్నపిల్లల బొమ్మ ఇది."

"మీకేం తెలుసు?" జోగళేకర్ మొహం ఎర్రబడింది. బల్ల మీద గుద్దాడు. "చూడండి, ఆ మూడో రేకు వంపు చూడండి! ఎక్కడ తప్పు? అందులో ప్రతి చుక్కా సరిగ్గా లెక్క కట్టాను! రాత్రంతా పట్టింది, పదకొండు యంత్రాలు పెట్టి..."

ఆగిపోయాడు.

కిటికీ బయట ఎవరో మొక్కలకు నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మందార్ పలకని బల్ల మీద పెట్టాడు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా.

"దాని పెళ్ళిలో కన్యాదానం చేశారు మీరు," అన్నాడు.

జోగళేకర్ అతని వైపు చూడలేదు. పలక వైపు చూశాడు.

"ఒక్క నెల ఆగమన్నాను," అన్నాడు. "నేనే సరిదిద్దుకుంటాను, నా పేరుతోనే అచ్చు వేస్తాను, ఒక్క నెల ఆగు అన్నాను. ఆ డ్రైవర్ జైల్లో ఉన్నాడు సర్, నెల ఆగలేను అంది. ఎవడో డ్రైవర్! ఇరవై రెండేళ్ళ పని ఇది. దాంతో ఆ పదకొండు మందీ బతికొస్తారా?"

"రారు," అంది ధుమాళ్. "లోంఢే, బేడీలు."

బబన్ చేతి బేడీలు తీసి లోంఢే అవే బేడీలు జోగళేకర్‌కి వేశాడు. సాయంత్రానికి అతని కారులో, బ్రేకు పెడల్ కింద, శాల్మలి రక్తం దొరికింది. కంప్యూటర్లలో చెరిపేసిన బొమ్మ కూడా దొరికింది.

వెళ్ళేటప్పుడు లోంఢే బబన్ దగ్గర ఆగాడు. జేబులోంచి జీపు తాళం తీశాడు.

"ఇంటికి పద అన్నా. నేను దింపుతాను," అన్నాడు.

*

శుక్రవారం ధుమాళ్ జైలుకి వెళ్ళింది. యూనిఫామ్ లేకుండా, ఒంటరిగా.

సర్జేరావ్ పిసాళ్ ఊచలకు అవతల బెంచీ మీద కూర్చున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి. విరిగిన చెయ్యి కట్టుతో మెళ్ళో వేలాడుతోంది. జైల్లో వార్తలేవీ అతని దాకా చేరలేదు. పదకొండు మందిని చంపినవాడితో మాట్లాడేవాళ్ళు లేరు.

"గోడ మెరవడం నేను చూశాను," అంది ధుమాళ్. "మీరు చెప్పింది నిజం. కోర్టులో నేనే చెప్తాను. పది రోజుల్లో బయటికి వస్తారు."

అతను చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాలో వద్దో తెలియనట్టు.

"ఆ ల్యాబ్ మేడమ్ కూడా ఇదే చెప్పారు. సోమవారం కమిటీలో చెప్పి, సాయంత్రం వచ్చి నాకు కబురు చెప్తానన్నారు. నేను గడ్డం గీసుకుని కూర్చున్నాను. రాలేదు." అతను నేల చూపులు చూశాడు. "అందరిలాగే ఈవిడా అనుకున్నాను. ఆ రాత్రి చాలా తిట్టాను మేడమ్ ఆవిడ్ని. నోటికొచ్చినట్టల్లా తిట్టాను."

ధుమాళ్ కళ్ళద్దాలు తీసింది. ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి ఇలాంటి చావు కబురు చెప్పింది. అయినా అద్దాలు రెండుసార్లు తుడిచింది.

చెప్పింది.

పిసాళ్ కదలకుండా విన్నాడు. ఎక్కడ, ఎలా, ఎవరు అని అడగలేదు.

"ఆ మలుపుకి ఎన్నిసార్లు వెళ్ళారావిడ?" అన్నాడు.

"మూడు పొద్దులు."

"ఎవరు తోడు?"

"ఎవరూ లేరు. ఒక్కతే."

అతను మంచి చేత్తో మొహం తుడుచుకున్నాడు. బయట గంట కొట్టారు. కానిస్టేబుల్ టైమ్ అయిందని సైగ చేశాడు. ధుమాళ్ లేచింది.

"బయటికి వచ్చాక నన్ను వాళ్ళింటికి తీసుకెళ్తారా మేడమ్?"

"తీసుకెళ్తాను. జీపు తెస్తాను."

"జీపు వద్దు," అన్నాడు పిసాళ్. "బస్సూ వద్దు. ఎంత దూరమైనా ఫర్వాలేదు. నడిచే వెళ్దాం."